కొలువు పోయిన వారం

గురువారం సాయంత్రం నాలుగున్నరకి ఉద్యోగం పోయింది. శనివారం సాయంత్రం ఆరున్నరకి ఆగం బ్యాండు షో. టికెట్టు రెండు నెలల కిందటే కొన్నాను. రీఫండ్ లేదు.

ఉద్యోగం పోవడం గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. మీటింగ్ రూములోకి రమ్మన్నారు. అక్కడ ఓ ల్యాప్‌టాప్, అందులో నేనెప్పుడూ చూడని ఒకావిడ. చాలా మర్యాదగా మాట్లాడారు. ఎదురుగా ఉన్న కాగితం చూసి చదువుతున్నారని కళ్ళు కదలడం బట్టి తెలుస్తూనే ఉంది. పావుగంటలో అయిపోయింది. కింద సెక్యూరిటీ దగ్గర ఐడీ కార్డు తీసుకున్నారు. మెడలో వేసుకునే ట్యాగు మాత్రం "ఉంచుకోండి సార్, పర్లేదు" అని తిరిగిచ్చాడు అక్కడి పెద్దాయన. ఆయన మంచివాడు. కార్డు లేకుండా ఉత్త ట్యాగు జేబులో పెట్టుకుని బెంగళూరు ట్రాఫిక్‌లో ఇంటికొచ్చాను.

ఇంట్లోవాళ్ళకి చెప్పలేదు. అమ్మావాళ్ళు సంబంధాలు చూస్తున్నారు. నా బయోడేటాలో నా పేరు కన్నా కంపెనీ పేరే పెద్ద అక్షరాల్లో ఉంటుంది. అదిప్పుడు ఎన్ని వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోందో ఆ దేవుడికే తెలియాలి.

"టికెట్టు అమ్మేయరా, ఇవాళే పోతుంది" అన్నాడు మా రూమ్మేట్. తప్పేం కాదు, జీతం లేనివాడికి ప్రతి రూపాయీ లెక్కే. కానీ ఈ విషయంలో నాకో నియమం ఉంది. అది 2017 జులైలో పుట్టింది.

అంతకుముందు సంగతి ఒకటి చెప్పాలి. నేను కాకినాడలో ఇంజనీరింగ్ చదువుతున్నప్పుడు, 2016 నవంబర్ 19న ముంబైలో కోల్డ్‌ప్లే వాళ్ళు వాయించారు. మా హాస్టల్లో నలుగురం వెళ్దామని కలలు కన్నాం. నవంబర్ 8 రాత్రి పెద్ద నోట్లు రద్దయ్యాయి. కోల్డ్‌ప్లే ముంబైలో స్టేజీ ఎక్కిన రోజున మేం నలుగురం మెస్ బిల్లు కోసం ఏటీఎం ముందు లైన్లో ఉన్నాం. అందులో ఒకడు ఫోన్లో వీడియో చూపిస్తూంటే లైను ముందుకు కదిలింది, మేం చూసుకోలేదు, వెనకాయన తిట్టాడు. సర్లే, చదువయ్యాక ఉద్యోగాలొస్తాయి కదా, అప్పుడు అన్నీ చూద్దాం అనుకున్నాం. ఆ 'అన్నీ'లో మొదటి పేరు లింకిన్ పార్క్. ఒక హార్డ్‌డిస్క్‌లో సీనియర్ల నుంచి సీనియర్లకి చేతులు మారుతూ మాదాకా వచ్చిన పాటలవి. సగం మాటలు మాకు అర్థమయ్యేవి కావు. అరవడానికి అర్థంతో పనేముంది? సప్లీ వచ్చినప్పుడల్లా టెర్రస్ ఎక్కి అరిచేవాళ్ళం.

2017 జులై 20న చెస్టర్ బెనింగ్టన్ చనిపోయాడు. మాకు మర్నాడు పొద్దున్న తెలిసింది. క్లాసుకి వెళ్ళాం, వచ్చాం, ఎవరం ఏం మాట్లాడుకోలేదు. ఉద్యోగమొచ్చాక చూద్దాంలే అనుకున్న మనిషి ఉద్యోగం రాకముందే వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచీ నా నియమం: ఇష్టమైన బ్యాండు మన జీతానికి అందేంత దూరంలోకొస్తే వెళ్ళాల్సిందే. "వచ్చేసారి" అన్న మాటే లేదు.

ఆ నియమం ప్రకారమే కిందటేడాది జనవరిలో అహ్మదాబాద్ కూడా వెళ్ళాను, కోల్డ్‌ప్లే కోసం. ఎనిమిదేళ్ళ బాకీ అది. టికెట్ల రోజున ఆన్‌లైన్ క్యూలో నా ముందు లక్షల మంది ఉన్నారు. కాలేజీ ఏటీఎం లైనే నయమనిపించింది, అది కనీసం కళ్ళకి కనిపించేది. చివరికి మిత్రుడొకడికి దొరికితే వాడి పుణ్యాన పోయాను. నరేంద్ర మోదీ స్టేడియంలో లక్ష మందికి పైనే. మా సీట్లు పై అంతస్తులో. అక్కణ్ణుంచి క్రిస్ మార్టిన్ నా బొటనవేలి గోరంత కనిపించాడు.

ఇంజనీర్ని కాబట్టి ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. వెలుగు వచ్చినంత వేగంగా చప్పుడు రాదు. సెకనుకి సుమారు 343 మీటర్లే. అంటే స్టేజీకి 170 మీటర్ల దూరంలో కూర్చుంటే డ్రమ్ము మీద కర్ర పడ్డం కనిపించిన అర సెకనుకి గానీ దెబ్బ వినపడదు. అందుకే పెద్ద మైదానాల్లో మధ్యమధ్యలో స్పీకర్ల స్తంభాలు నిలబెట్టి, వాటికి చేరే శబ్దాన్ని లెక్క కట్టి కాస్త ఆలస్యం చేసి వదుల్తారు, స్టేజీ నుంచి గాలిలో వచ్చే చప్పుడుతో అది కలిసిపోయేలా. ఎంత బాగా కలిపినా, చప్పట్లు కొట్టేటప్పుడు మాత్రం దొరికిపోతాం. మన చప్పట్లూ, అవతలి స్టాండు వాళ్ళ చప్పట్లూ ఎప్పటికీ ఒక్కసారి పడవు.

అందరి చేతులకీ రిస్ట్‌బ్యాండ్లు ఇచ్చారు. పాటకి తగ్గట్టు లక్ష చేతుల మీద రంగులు మారుతుంటాయి. మన చెయ్యి ఎప్పుడు ఎర్రగా వెలగాలో, ఎప్పుడు పచ్చగా వెలగాలో మన చేతిలో ఉండదు. కింద ఎవరో నడుపుతుంటారు. చూడ్డానికి ఎంత బాగుందో మాటల్లో చెప్పలేను. ఏడ్చాను కూడా. కానీ తిరుగు రైల్లో ఆలోచిస్తే నేను పాట విన్నట్టు కాకుండా, పెద్ద టీవీలో ఓ పిక్సెల్‌లా పనిచేసి వచ్చినట్టు అనిపించింది. డబ్బు దండగ అనను. బాకీ తీరింది. అంతే.

దానికన్నా నాకు ఎక్కువ గుర్తుండిపోయింది హైదరాబాద్‌లో ఓ మామూలు హాల్లో విన్న ఇండియన్ ఓషన్. వాళ్ళ 'కందీసా' అందరికీ తెలిసిన పాటే, 2000లో వచ్చిన ఆల్బం పేరు కూడా అదే. కేరళ సిరియన్ క్రైస్తవులు పాడుకునే ప్రాచీన ప్రార్థన దానికి మూలం. భాష సిరియాక్. ఆ హాల్లో ఆ భాష వచ్చినవాళ్ళు ఒక్కరు కూడా ఉండి ఉండరు. అయినా అందరం గొంతు చించుకుని పాడాం. రికార్డులో ఆ పాటకి ప్రాణం పోసిన అశీమ్ చక్రవర్తి 2009లోనే పోయారు. అప్పటికి నేను ఇంకా స్కూల్లో ఉన్నాను. ఆయన లేని బ్యాండునే విన్నాను. ఇప్పుడు పాడేవాళ్ళు ఆ చోటుని ఖాళీగా వదలకుండా, అలాగని ఆయన్ని అనుకరించకుండా పాడుతున్నారు. అది ఎంత కష్టమో లింకిన్ పార్క్ అభిమానిగా నాకు తెలుసు.

సరే, శనివారానికి వద్దాం.

ఆగం గురించి తెలియనివాళ్ళకి: 2003లో బెంగళూరులో మొదలైన బ్యాండు. కర్ణాటక సంగీతం, రాక్ రెండూ కలిపి వాయిస్తారు. కలపడం అంటే కృతి పాడుతూ వెనక డ్రమ్స్ కొట్టడం కాదు. గమకం గిటారు తీగ మీద కూడా పలకాల్సిందే, అదీ పద్ధతి. పాడే హరీష్ శివరామకృష్ణన్ మలయాళీ, వయొలిన్ కూడా వాయిస్తాడు. గూగుల్లోనూ, తర్వాత ఇంకోచోటా డిజైన్ ఉద్యోగం చేస్తూ చేస్తూనే పాడినవాడు. మిగతావాళ్ళు కూడా చాలాకాలం వారమంతా ఆఫీసులకెళ్ళి, శని ఆదివారాలు బ్యాండు నడిపినవాళ్ళే. బెంగళూరు ఐటీ జనం వాళ్ళని నెత్తిన పెట్టుకోవడంలో వింతేముంది, మనలో ఒకడు స్టేజీ ఎక్కినట్టుంటుంది.

మెట్రోలో వెళ్ళాను. చెవుల్లో పెట్టుకునే ప్లగ్గులు జేబులో ఉన్నాయో లేదో రెండుసార్లు చూసుకున్నాను. నాలుగేళ్ళ కిందట ఓ మెటల్ షోలో సబ్‌వూఫర్ పక్కనే మూడు గంటలు నిలబడ్డాను. చెవుల్లో మోత మూడురోజులు తగ్గలేదు. డాక్టర్ దగ్గరికెళ్తే పరీక్ష చేసి గ్రాఫ్ చూపించారు, ఎడమ చెవికి 4,000 హెర్ట్జ్ దగ్గర గుంట పడ్డట్టు గీత కిందికి దిగింది. అది తిరిగి పైకి రాదట. 85 డెసిబెల్స్ చప్పుడు ఎనిమిది గంటలు తట్టుకోవచ్చు. అక్కణ్ణుంచి మూడు డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా వ్యవధి సగానికి పడిపోతుంది. 100 దగ్గరికొచ్చేసరికి పావుగంటే. షో మాత్రం రెండు గంటలు. లెక్కలు మీరే వేసుకోండి. రాత్రి ఫ్యాను కూడా ఆపేస్తే నా ఎడమ చెవిలో కీచురాయి ఒకటి ఇప్పటికీ వినిపిస్తుంది. షోలకెళ్ళే తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ ఓ మాట: టికెట్టు ధరలో పదో వంతు పెడితే మంచి ప్లగ్గులొస్తాయి. పాట చెడదు, చప్పుడొకటే తగ్గుతుంది.

షో మొదలైన గంటదాకా నేను అక్కడ లేను. ఒళ్ళు అక్కడుంది, బుర్ర మాత్రం ఈఎంఐ తారీఖుల చుట్టూ తిరుగుతోంది. చుట్టూ జనం ఎగురుతున్నారు. వీళ్ళందరికీ సోమవారం ఆఫీసు ఉంటుంది అని ఒకటే ఆలోచన. అసూయ, ఏముంది.

అప్పుడు లైట్లు తగ్గించారు. వయొలిన్ మీద హంసనాదం మొదలైంది. రాగం పేరు నాకు తెలియడం నా గొప్ప కాదు, మా అమ్మమ్మ చలవ. సామర్లకోటలో ఆవిడ ఇంట్లో పొద్దున్నే రేడియోలో భక్తిరంజని మోగుతుండేది. వేసవి సెలవుల్లో ఆ చప్పుడుకే నిద్రలేచేవాణ్ణి. పెద్దయ్యాక అది వినకుండా ఉండడానికే హెడ్‌ఫోన్లు కొనుక్కున్నాను. ఒకసారి "నా గురించి కాదు కదరా చెవులు మూసుకుంటున్నావు" అంది. కాదన్నాను.

పాట 'బంటురీతి కొలువు'. త్యాగరాజు కృతి. ఆగం వాళ్ళ 2012 ఆల్బంలో 'స్వాన్స్ ఆఫ్ సరస్వతి' అన్న పేరుతో ఉంది. రికార్డు వందసార్లు విన్నాను. కోడ్ రాసుకుంటూ, జిమ్ములో, ఔటర్ రింగ్ రోడ్డు మీద క్యాబ్‌లో. అన్నిసార్లు విన్నా అది నాకు ఓ మంచి గిటారు పాటే. ఆ రోజు హరీష్ పల్లవి ఎత్తుకుని, రెండోసారి మైకు జనం వైపు తిప్పాడు. వేల గొంతులు. మలయాళీలు, కన్నడిగులు, తమిళులు, ఉత్తరాది వాళ్ళు కొందరు. రకరకాల యాసల్లో, అక్షరాలు అటూఇటూ అవుతూ, తెలుగు. బెంగళూరు శివారులో ఓ మైదానంలో అంతమంది కలిసి తెలుగు పాడడం నేనెప్పుడూ వినలేదు. ఫోన్ తీసి రికార్డు చేస్తున్నవాణ్ణి, చెయ్యి వణికి జేబులో పెట్టేశాను. మోచేతి దాకా వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. చెవుల్లోంచి ప్లగ్గులు తీసేశాను. అవును, పైన ఇచ్చిన సలహా నేనే తప్పాను, ఆ ఒక్క పాటకి.

పాటయ్యాక పక్కనున్న త్రిసూర్ కుర్రాడు అడిగాడు. అప్పటికి గంట నుంచీ ఒకళ్ళ కాళ్ళు ఒకళ్ళం తొక్కుకుంటున్నాం కాబట్టి పరిచయమైపోయింది. "నీది తెలుగే కదా, దానికి అర్థమేంటి బ్రో?"

బంటు అంటే సేవకుడు, సైనికుడు అనుకో అన్నాను. రీతి అంటే మీ భాషలోనూ అదే. "మరి కొలువు?"

కొలువు అంటే... నోటికి వచ్చిన మొదటి మాట చెప్పేశాను. జాబ్.

మన పేపర్లలో అంతే కదా. గ్రూప్ 2 నోటిఫికేషన్ వస్తే 'కొలువుల జాతర' అని హెడ్డింగు పెడతారు. వాడు పగలబడి నవ్వాడు. "అంటే ఇంతసేపూ మనమంతా జాబ్ అడిగామా?" వెనకున్న ఇద్దరమ్మాయిలు కూడా నవ్వారు. అందులో ఒకమ్మాయి "మా టీంలో పోయినవారం పదకొండు మందిని తీసేశారు, ఈ పాట ముందే నేర్చుకోవాల్సింది" అంది. నేను కూడా గట్టిగా నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ ఉండగా గొంతు పట్టేసింది. నీళ్ళు తాగొస్తానని పక్కకి వెళ్ళి, స్టాల్స్ వెనకాల జనరేటర్ దగ్గర కాసేపు నిలబడ్డాను.

రాత్రి ఇంటికొచ్చాక నిద్రపట్టలేదు. నేను చెప్పిన అర్థం సరైందేనా అన్న అనుమానం ఒకటి. నా భాష పాటకి అర్థం అడిగితే ఓ త్రిసూర్ కుర్రాడికి పేపర్ హెడ్డింగు చెప్పి వచ్చాను.

ఆదివారం పొద్దున్న అమ్మమ్మకి ఫోన్ చేశాను. ఆవిడకి రెండేళ్ళుగా చెవి మిషను. నాకు ఎడమ చెవిలో కీచురాయి. మా ఫోన్ సంభాషణలు వింటే పక్కింటివాళ్ళు పోట్లాట అనుకుంటారు. విషయం చెప్పాను. రాక్ బ్యాండు అని చెప్పకుండా కచేరీ అన్నాను.

"కొలువంటే ఉద్యోగమేరా, తప్పేం చెప్పావు?" అంది. "రాజుగారు పిలిచి కొలువిస్తానంటే వద్దన్నాడని కథ చెబుతారు కదా త్యాగయ్య గురించి. అలాంటివాడు రాముణ్ణి మాత్రం ఉద్యోగం ఇమ్మని అడిగాడు. అదీ ఏం ఉద్యోగం? దివాను ఉద్యోగం కాదు. బంట్రోతు ఉద్యోగం."

తర్వాత ఆవిడ ఉత్సాహంలో పడింది. కామం, మదం లాంటి వాటిని కొట్టి నేలకూల్చే సిసలైన బంటుగా పెట్టుకోమంటాడట. ఉద్యోగం ఇస్తే చాలదు కదా, యూనిఫాం కావాలి. "మీ ఆఫీసు వాకిట్లో ఉంటారే, వాళ్ళకి ఏముంటాయి? చొక్కా, బిళ్ళ, చేతిలో కర్ర. బిళ్ళబంట్రోతు అనేవాళ్ళం మేం. చరణంలో త్యాగయ్య అవన్నీ అడుగుతాడు. చొక్కా ఏంటో తెలుసా? రోమాంచం. ఒళ్ళు పులకరించి రోమాలు నిలబడతాయే, అదే వాడు తొడుక్కునే కవచం. రామభక్తుడన్న పేరే బిళ్ళ. రామనామం కత్తి."

నేను మాట్లాడలేదు.

"వినపడుతోందా?"

వినపడుతోంది అన్నాను. ట్యాగు ఇంకా టేబుల్ మీదే ఉంది, కొనకి ఉత్త క్లిప్పుతో.

చెప్పేశాను. ఎలా మొదలుపెట్టానో గుర్తులేదు. "అమ్మమ్మా, నా బిళ్ళ తీసేసుకున్నారే" అన్నట్టు గుర్తు. అవతల చప్పుడు లేదు. మిషను తీసేసిందేమో అనుకున్నాను.

"ఎప్పుడు?"

"గురువారం."

"మీ అమ్మకి తెలుసా?"

"లేదు."

"మీ తాతగారికి మిల్లు లాకౌటైనప్పుడు ఎనిమిది నెలలు జీతం లేదు. రోజూ పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, క్యారేజీ పట్టుకుని వెళ్ళి స్టేషన్లో కూర్చునేవారు. నాకు చెప్పలేదు. నాకు నెల తర్వాత పాలవాడు చెప్పాడు." ఆగింది. "నువ్వు మూడురోజులకే చెప్పావు. నయమే. మీ అమ్మకి నేను చెప్తాలే. నువ్వు చెబితే ఏడుస్తుంది. నేను చెబితే నన్ను తిడుతుంది, అలవాటే."

మధ్యాహ్నం అమ్మ ఫోన్ చేసింది. ముందు అమ్మమ్మని తిట్టింది. తర్వాత అన్నం తిన్నావా అని అడిగింది. బయోడేటా సంగతి ఇద్దరం ఎత్తలేదు.

సాయంత్రం అమ్మమ్మకి వాట్సాప్‌లో నా వీడియో పంపాను, ఇంక దాచడం ఎందుకని. లైట్లు, పొగ, గిటార్లు, ఎగిరే జనం అన్నీ కనిపిస్తాయి అందులో. 47 సెకన్లే ఉంది. గంట తర్వాత ఆవిడ దగ్గర్నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది.

"ఒరేయ్, ఆ డప్పులు కాస్త తగ్గించమను, మిషను కీచుమంటోంది. కుర్రాడి గొంతు బావుంది. 'రీతి' అన్నచోట సరిగ్గా నిలిపాడు. అదంతా సరే గానీ, చరణం ఏదిరా?"